ప్రొపెల్లర్ ఆగకూడదు: సముద్రతీర విమాన ప్రదర్శనలను ఫొటో తీసేందుకు సమగ్ర మార్గదర్శి

2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో భారత వైమానిక దళం తన 92వ వార్షికోత్సవ ప్రదర్శన ఇచ్చింది. రఫేల్, సుఖోయ్-30, తేజస్‌ల సరసన డకోటా, హార్వర్డ్ అనే రెండు పాతకాలపు విమానాలు కూడా అందులో పాల్గొన్నాయి. ఆ తర్వాత మిత్రులు పంపిన డకోటా ఫొటోలు చాలా చూశాను. వాటిలో విమానం అద్దంలా స్పష్టంగా ఉంది, రివెట్ల వరుసలు లెక్కపెట్టవచ్చు. కానీ ప్రొపెల్లర్ల బ్లేడ్లు కదలకుండా నిలిచిపోయి ఉన్నాయి. ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని దారం కట్టి ఆకాశంలో వేలాడదీసినట్టు ఉంది. అక్కడ నిలబడి ఆ ఇంజన్ల గురగుర విన్నవారికి ఆ ఫొటోలో అదేమీ దొరకదు.

ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టు కనబడాలి, విమానం మాత్రం చెదరకూడదు. ఈ రెండూ ఒకే ఫొటోలో సాధించడమే ఈ కళలో కష్టమైన భాగం, ఆనందమైన భాగం కూడా. మిగతా విషయాలన్నీ దానికోసం చేసే ఏర్పాట్లే. విశాఖ ఆర్కే బీచ్‌ను, చెన్నై మెరీనాను ఉదాహరణగా పెట్టుకుని ఆ ఏర్పాట్లను వరుసగా చెబుతాను.

1. ముందుగా తేదీలు, రిహార్సల్స్

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971 యుద్ధంలో కరాచీ రేవుపై మన నౌకాదళం చేసిన దాడికి గుర్తు. విశాఖ తీరంలో ఏళ్ల తరబడి ఆ రోజు సాయంత్రం విన్యాసాలు చూసిన వాళ్లం మనం. అయితే ఇప్పుడు ప్రధాన వేడుక వేర్వేరు తీరాలకు మారుతోంది. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో జరిగింది. విశాఖ ప్రజల కోసం తూర్పు నౌకాదళం 2025 జనవరి 4న విడిగా విన్యాసాలు జరిపింది. కాబట్టి డిసెంబరు 4 అనగానే బ్యాగు సర్దుకోకుండా, ఆ ఏడాది ప్రకటన చూసుకున్నాకే రైలు టికెట్టు తీసుకోండి.

అసలు ప్రదర్శన కంటే రిహార్సల్ రోజులే ఫొటోగ్రాఫర్‌కు విలువైనవి. అవే విమానాలు, దాదాపు అదే వరుసలో, అదే దారిలో వస్తాయి. జనం తక్కువ, నిలబడటానికి చోటు ఎక్కువ. ఏ విమానం ఎడమ నుంచి వచ్చింది, ఏది తలమీదుగా వెళ్లింది, హెలికాప్టర్ ఎక్కడ నిలకడగా ఆగింది, ఎంతసేపటికి ఏది వచ్చింది అన్నది చిన్న పుస్తకంలో రాసుకోండి. నేను మొదటి రిహార్సల్ రోజు కెమెరా బ్యాగులోంచి తీయను. చూసి రాసుకుంటాను, అంతే. ఆ కాగితం లెన్సు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

2. ఎక్కడ నిలబడాలి: వెలుగు లెక్క

సముద్రతీర ప్రదర్శనలో విమానాలు నీటి మీదే విన్యాసాలు చేస్తాయి, జనం ఒడ్డున ఉంటారు. అంటే మీరు చూసే దిక్కు ముందే నిర్ణయమైపోయింది. ఇక తెలుసుకోవలసింది ఆ సమయానికి సూర్యుడు ఎక్కడ ఉంటాడన్నదే.

విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు నిలబడితే మీ ముఖం ఆగ్నేయానికి ఉంటుంది. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపు కైలాసగిరి. డిసెంబరు మొదటి వారంలో అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం 5.20 ప్రాంతంలో, పడమర నుంచి నైరుతికి బాగా జరిగి అవుతుంది. సాయంత్రం 4 తర్వాత సూర్యుడు మీ కుడి భుజానికి కాస్త వెనక ఉంటాడన్నమాట. అందువల్ల డాల్ఫిన్స్ నోస్ వైపు ఉన్న విమానం ఎదురెండలో నల్లగా పడుతుంది. అదే విమానం మిమ్మల్ని దాటి కైలాసగిరి వైపు వెళ్లేసరికి వెలుగు దాదాపు మీ వెనక నుంచి నేరుగా దాని మీద పడుతుంది, బూడిద రంగు విమానానికి కూడా బంగారు పూత వస్తుంది. కుడి నుంచి ఎడమకు సాగే విమానాన్ని ముందే తొందరపడి తీయకండి. మీ ఎదురుగా వచ్చి, కాస్త దాటేవరకు ఓపిక పట్టండి. ఎడమ నుంచి కుడికి వచ్చేదాన్ని మాత్రం దూరంగా ఉండగానే మొదలుపెట్టి, ఎదురుగా వచ్చేలోపు పూర్తిచేయండి.

మెరీనాలో లెక్క వేరు. ఆ తీరం తూర్పు ముఖం. 2024 ప్రదర్శన ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు సాగింది. ఆ వేళకు సూర్యుడు దక్షిణానికి కాస్త వాలి నడినెత్తికి చేరువలో ఉంటాడు. విమానం పైభాగం మెరుస్తుంది, మనకు కనిపించే అడుగుభాగం నీడలో ఉంటుంది. దక్షిణం, అంటే కుడివైపు తీసేవి మరీ కష్టం. ఎడమవైపు, ఉత్తరంగా ఉన్న విమానాలను ఎంచుకోండి. విమానం పక్కకు ఒరిగి మలుపు తిరిగేటప్పుడు దాని వీపు మనవైపు తిరుగుతుంది. నడి ఎండలో మంచి వెలుగు దొరికేది ఆ రెండు మూడు క్షణాల్లోనే.

బ్రిటన్‌లో ఉంటూ దక్షిణ తీరపు ప్రదర్శనలకు వెళ్లే తెలుగువారికి ఇదే సమస్య రోజంతా ఉంటుంది, ఎందుకంటే అక్కడ సముద్రమే సూర్యుడున్న దిక్కు. ఎదురెండను అంగీకరించి పొగ జాడలు, నీడ బొమ్మలు తీయడం, లేదా తీరం చివర్లకు వెళ్లి పక్కవెలుగు వెతకడం మంచి దారులు.

మరొక మాట. విమానాశ్రయం గోడ పక్క నుంచి తీద్దామని విశాఖలో ఎవరూ ప్రయత్నించవద్దు. అది నౌకాదళ స్థావరం, అక్కడ ఫొటోలు నిషిద్ధం. ప్రదర్శన రోజు డ్రోన్ ఎగరేయడం నేరం మాత్రమే కాదు, గాలిలో ఉన్నవారి ప్రాణాలకు ముప్పు కూడా.

3. ఏ లెన్సు చాలుతుంది?

నౌకాదళపు మిగ్-29కె జెట్ పొడవు సుమారు 17 మీటర్లు. అది అర కిలోమీటరు దూరంలో పక్కగా వెళ్తున్నప్పుడు 400 మిల్లీమీటర్ల లెన్సుతో (ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ దూరంలోనిది పెద్దగా పడుతుంది) తీస్తే, పెద్ద సెన్సర్ (వెలుగును పట్టే చిప్) ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఫొటో వెడల్పులో మూడో వంతుకు కాస్త పైగా ఆక్రమిస్తుంది. చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాలో అదే లెన్సు సగానికి పైగా నింపుతుంది. అందుకే ఈ పనికి ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ అవసరం లేదని గట్టిగా చెబుతాను. ఏపీఎస్-సీ కెమెరా, 100-400 లేదా 70-300 జూమ్ ఉంటే విన్యాసాల్లో అత్యధిక భాగం మీ చేతిలో ఉన్నట్టే. జూమ్ ఎందుకంటే వైమానిక దళపు సూర్యకిరణ్ విన్యాస బృందం తొమ్మిది హాక్ విమానాలతో కలిసి వచ్చినప్పుడు 400 దగ్గర మూడే పడతాయి. వాళ్లు విడిపోయి పొగతో ఆకాశమంతా పరుచుకున్నప్పుడు 24 మిల్లీమీటర్లు కూడా చాలదు. రెండో కెమెరా లేకపోతే ఆ విస్తరించే ఘట్టాలకు జేబులోని ఫోను వాడండి. దానికి ఫోను నిజంగా బాగా పనికివస్తుంది.

తీరంలో లెన్సు మార్చకండి. గాలిలో ఉప్పు తుంపర, సన్న ఇసుక ఎప్పుడూ ఉంటాయి. లెన్సు ముందు మామూలు పారదర్శక ఫిల్టర్ ఒకటి పెట్టుకోండి. ఇతర చోట్ల నేను దాన్ని సిఫార్సు చేయను, సముద్రం దగ్గర మాత్రం తప్పనిసరి. ట్రైపాడ్ ఇంట్లో వదిలేయండి. తలమీదుగా వెళ్లే విమానాన్ని అది వెంబడించలేదు, జనంలో నలుగురి కాళ్లకు అడ్డం.

4. షట్టర్ వేగం: అసలు విషయం

ఫొటో తీసేటప్పుడు కెమెరా లోపలికి వెలుగు పడేంత సమయమే షట్టర్ వేగం. ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. ఒకసారి అర్థమైతే జీవితాంతం పట్టిక చూడనక్కరలేదు.

డకోటాకు రెండు ట్విన్ వాస్ప్ ఇంజన్లు. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుందాం. మధ్యలో 16:9 నిష్పత్తిలో గేర్లు ఉన్నందువల్ల ప్రొపెల్లర్ నిమిషానికి 1125 చుట్లే తిరుగుతుంది. అంటే సెకనుకు 19కి కాస్త తక్కువ. మీరు 1/1000 సెకను పెడితే ఆ కాలంలో బ్లేడు కదిలేది దాదాపు 7 డిగ్రీలు. అందుకే నిలిచిపోయినట్టు ఉంటుంది. 1/125 పెడితే 54 డిగ్రీలు. మూడు బ్లేడ్ల మధ్య ఎడం 120 డిగ్రీలు కాబట్టి దాదాపు సగం వలయం నిండుతుంది, చూడగానే తిరుగుతోందని తెలుస్తుంది. 1/60కి 112 డిగ్రీలు, పూర్తి పళ్లెంలా పలచని వలయం వస్తుంది.

హార్వర్డ్‌కు గేర్లు లేవు, ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ అంతే వేగంగా తిరుగుతుంది. దాని చెవులు చిల్లులు పడే కూతకు కారణం కూడా అదే, బ్లేడు కొసలు ధ్వని వేగాన్ని అందుకుంటాయి. కాబట్టి హార్వర్డ్‌కు 1/250 దగ్గర కూడా కొంత కదలిక దొరుకుతుంది, 1/125 హాయిగా సరిపోతుంది.

హెలికాప్టర్లు ఇందుకు విరుద్ధం. పెద్ద రోటర్ నిమిషానికి 200 నుంచి 400 చుట్ల మధ్య, నిదానంగా తిరుగుతుంది. 300 చుట్లనుకుంటే 1/125కి బ్లేడు కదిలేది 14 డిగ్రీలే. పూర్తి వలయం కోసం 1/20కి దిగాలి, చేత్తో పట్టుకుని అది దాదాపు అసాధ్యం. 1/80 నుంచి 1/125 మధ్య ఉండండి. బ్లేడు కొసలు చెదిరితే చాలు, కన్ను మిగతాది పూరించుకుంటుంది. నౌకాదళపు మార్కోస్ కమాండోలు తాడు పట్టుకుని హెలికాప్టర్ నుంచి జారే ఘట్టంలో అది నిలకడగా ఉంటుంది కాబట్టి ఇంకా కిందికి, 1/60కి కూడా దిగి చూడండి. సారంగ్ బృందపు ధృవ్ హెలికాప్టర్ల మీది నెమలి చిత్రం కొంచెం కూడా చెదరకూడదనుకుంటే 1/160 దగ్గర ఆగండి.

జెట్ విమానాలకు ఈ బాధ లేదు. తిరిగేది లోపల ఉంది. కానీ గంటకు 800 కిలోమీటర్లంటే సెకనుకు 222 మీటర్లు. 1/1000 సెకనులో కూడా విమానం 22 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. 1/1600 లేదా 1/2000 పెట్టండి, అయినా కెమెరా దానితోపాటు తిరగాల్సిందే.

మధ్యాహ్నపు ఎండలో 1/125 పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే చిన్నదవుతుంది) ఎఫ్/14 దాకా వెళ్లాలి. అంత ముడిచిన ఎపర్చర్‌లో సెన్సర్ మీద ఉన్న ప్రతి దుమ్ము రేణువూ నీలాకాశంలో మచ్చగా కనబడుతుంది. వెలుగును నాలుగో వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే ఎఫ్/7 వద్దే పని జరుగుతుంది. ఆ ఫిల్టర్ కొనండి, లేదా ముందురోజే సెన్సర్ శుభ్రం చేయించండి. విశాఖ సాయంత్రాల్లో వెలుగే తగ్గుతుంది కాబట్టి ఈ ఇబ్బంది పెద్దగా రాదు.

5. నడుముతో తిప్పడం

కాళ్లను విమానం మీకు అతి దగ్గరగా వచ్చే చోటు వైపు పెట్టండి, వచ్చే దిక్కుకు కాదు. నడుమును మాత్రం అది వచ్చే వైపు మెలితిప్పి ఎదురుచూడండి. విమానం దగ్గరయ్యేకొద్దీ శరీరం తనంతట తాను సడలుతూ తిరుగుతుంది, ముఖ్యమైన క్షణంలో అది అన్నిటికన్నా తేలికగా ఉంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. ఎడమ అరచేయి లెన్సు కింద ఉండాలి. కనీసం మూడు నాలుగు సెకన్ల ముందు నుంచే వెంబడించండి. బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకండి. చాలామంది నొక్కిన క్షణంలోనే బిగుసుకుపోతారు, ఫొటో చెదిరేది అక్కడే.

చూపు ఒకే బిందువు మీద ఉండాలి. నేను కాక్‌పిట్ అద్దాన్ని ఎంచుకుంటాను. లెన్సులో వణుకును అడ్డుకునే ఏర్పాటు ఉంటే, పక్కకు తిప్పే కదలికను వదిలేసి పైకీ కిందికీ కదిలేదాన్ని మాత్రమే సరిచేసే అమరిక వెతకండి. చాలా టెలిఫొటో లెన్సుల్లో అది రెండో రీతిగా (మోడ్ 2) ఉంటుంది.

దీనికి సాధన కావాలి, దానికి విమానాలు అక్కర్లేదు. బీచ్ రోడ్డు మీద బస్సులు, మేడ మీదికి వచ్చే గద్దలు చాలు. రెండు వారాలపాటు రోజూ పావుగంట 1/125తో బస్సు నంబరు పలక స్పష్టంగా వచ్చేలా తీయండి. అనుభవం వచ్చాక కూడా ఆ వేగంలో నాకు పది ఫొటోల్లో రెండో మూడో నిలుస్తాయి. కాబట్టి ఒక విమానం మొదటిసారి దాటేటప్పుడు 1/320తో కొన్ని భద్రంగా తీసి, రెండోసారి 1/160, మూడోసారి 1/100 ఇలా దిగండి.

6. ఎక్స్‌పోజర్, ఫోకస్

ఆకాశం చాలా ప్రకాశవంతం, విమానం దానిలో చిన్న ముక్క. కెమెరా ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించేస్తుంది, విమానం బొగ్గులా వస్తుంది. కెమెరాకు నిర్ణయం వదిలితే ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటోను కావాలని వెలుగుగా చేసే అమరిక) +0.7 నుంచి +1.3 మధ్య పెట్టండి. అంతకన్నా మాన్యువల్, అంటే అమరికలన్నీ మీరే పెట్టుకోవడం, మంచిది. మంచి ఎండలో జెట్ విమానాలకు ఐఎస్ఓ 400, ఎఫ్/8, 1/1600 అనేది నమ్మదగిన ఆరంభం. ఒకటి రెండు ఫొటోలు తీసి, విమానం తెల్లని భాగాలు కొట్టుకుపోలేదని హిస్టోగ్రామ్‌లో (వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫ్) చూసుకుని అక్కడే ఉంచండి. విమానం నీలాకాశం నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ ముందుకు వచ్చినా దానిపై పడే ఎండ మారలేదు కదా, కాబట్టి అమరిక కూడా మారనక్కరలేదు. సూర్యుడు కిందికి జారేకొద్దీ మాత్రం ప్రతి పది నిమిషాలకు సరిచూడండి. రా (కెమెరా పట్టిన సమాచారమంతా దాచే) ఫైళ్లలోనే తీయండి, నీడలో ఉన్న అడుగుభాగాన్ని తర్వాత కొంత వెలికి తీయవచ్చు.

ఫోకస్ నిరంతరంగా సాగే రీతిలో ఉండాలి, మధ్యలోని చిన్న గుంపు బిందువులు చాలు. కొత్త కెమెరాల్లో విమానాలను గుర్తించే అమరిక ఉంటే వాడండి. ఖాళీ ఆకాశంలో చుక్కలా వచ్చే విమానాన్ని కెమెరా పట్టుకోలేక ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉండిపోతుంది. దానికి తీరంలో మంచి ఉపాయం ఉంది. దూరంగా నిలిచిన యుద్ధనౌక మీద ముందుగా ఫోకస్ చేసి ఉంచుకోండి. విమానం కనబడేసరికి లెన్సు సిద్ధంగా ఉంటుంది.

7. సముద్రం ఇచ్చేది, తీసుకునేది

తీసుకునేది స్పష్టత. ఎండకు ఇసుక కాగి సెగలు లేస్తాయి. ఆ సెగల మీదుగా దూరాన, నీటికి ఆనుకుని వచ్చే విమానం నీటిలోని నీడలా వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సైనా దీన్ని జయించలేదు. జూమ్ చేసి తీసిన పది ఫొటోలూ మెత్తగా వస్తే లెన్సును నిందించకండి. విమానం దగ్గరికి, లేదా పైకి వచ్చేదాకా ఆగండి. వీలుంటే ఇసుక చివరికి, నీటి అంచు దగ్గరికి జరగండి.

ఇచ్చేవి ఎక్కువ. తీరపు గాలిలో తేమ దండిగా ఉంటుంది. జెట్ విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు రెక్కల మీద పీడనం తగ్గి, ఆ తేమ తెల్లని పొరగా క్షణంపాటు మెరిసి మాయమవుతుంది. మలుపు మొదలవగానే వరుస ఫొటోల రీతిలో నొక్కి పట్టండి. పొడి వాతావరణంలో జరిగే ప్రదర్శనల్లో ఇది ఇంత తరచుగా దొరకదు.

నేపథ్యం ఇంకా పెద్ద కానుక. ఖాళీ నీలంలో ఒంటరి విమానం ఎక్కడ తీసినా ఒకటే. దాని కింద బారులు తీరిన యుద్ధనౌకలు, కొండ మీది లైట్‌హౌస్, చేపల పడవ, భుజాలమీద పిల్లలను ఎత్తుకున్న తండ్రులు ఉంటే అది విశాఖ ఫొటో అవుతుంది. ప్రతి ప్రదర్శనలో కనీసం పావు వంతు సమయం జూమ్ వెనక్కి లాగి తీయండి. ఇది నా బలమైన అభిప్రాయం. ఇరవై ఏళ్ల తర్వాత ఇంట్లోవాళ్లు మళ్లీ తీసి చూసేవి అవే.

సూర్యాస్తమయం తర్వాత వెళ్లిపోకండి. హెలికాప్టర్లు నిప్పురవ్వల్లా ఫ్లేర్లు వదిలే ఘట్టం, నౌకలు దీపాలంకరణతో వెలిగే ఘట్టం అప్పుడే. ఫ్లేర్లకు ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గించాలి, లేకపోతే తెల్లటి మచ్చలే మిగులుతాయి.

8. ఎండ, నీళ్లు, జనం

మెరీనాలో ఆ రోజు ఎండకు, రద్దీకి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆసుపత్రి పాలైనవారు ఎందరో. ఫొటో మోజులో ఉన్నవారు దాహాన్ని మరిచిపోతారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, టోపీ, తడి తువ్వాలు తీసుకెళ్లండి. ప్రదర్శన మొదలవకముందే, తిరిగి వెళ్లే దారి ఏదో చూసి పెట్టుకోండి. ముగియగానే జనంతో పరుగెత్తకుండా గంటసేపు అక్కడే కూర్చోండి. పిల్లలు, పెద్దవాళ్లు మీతో ఉంటే కెమెరా రెండో స్థానంలో ఉండాలి.

9. ఇంటికి వచ్చాక

మొదట కెమెరాను కొద్దిగా తడిపిన నూలుగుడ్డతో తుడవండి. ఉప్పు పొడిగుడ్డకు పోదు, గీతలు పడతాయి. ఫిల్టర్ మీది ఇసుకను గాలి బుడ్డితో ఊదాకే గుడ్డ తాకించండి. ఏసీ గదిలోంచి తేమగాలిలోకి వెళ్లేటప్పుడు లెన్సు మీద ఆవిరి పడుతుంది, కెమెరాను మూసిన బ్యాగులోనే అరగంట ఉంచి తీయండి.

రెండువేల ఫొటోల్లో వంద మిగిలితే సంతోషించండి. ముందు కాక్‌పిట్ చెదిరినవన్నీ తీసేయండి, తర్వాత ప్రొపెల్లర్ ఆగినవి. నీటి గీత వంకరగా ఉంటే సరిచేయండి. విమానం ముందు ఖాళీ ఎక్కువ, వెనక తక్కువ ఉండేలా కత్తిరించండి. ఎడిటింగ్‌లో పొగమంచును తగ్గించే మీటను కొంచెమే కదపండి, ఎక్కువైతే ఆకాశం మురికిపడుతుంది. వేరే ఆకాశం తెచ్చి అతికించకండి.

విశాఖకు వచ్చినవారు మర్నాడు ఉదయం బీచ్ రోడ్డులోని టీయూ-142 దగ్గరికి తప్పక వెళ్లండి. 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసి 2017 మార్చిలో విశ్రాంతి తీసుకున్న విమానం అది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లర్‌కు నాలుగు బ్లేడ్లు. ఉదయపు ఎండ సముద్రం వైపు నుంచి వచ్చి నేరుగా దాని మీద పడుతుంది. ఏడు, ఎనిమిది గంటల మధ్య రోడ్డు వైపు నుంచి 35 మిల్లీమీటర్లతో మొత్తం విమానాన్ని తీయండి, తర్వాత దగ్గరికి జరిగి ఒక్క ఇంజన్ ముందు ఆ ఎనిమిది బ్లేడ్లను మాత్రమే తీయండి. ఇక్కడ 1/1000 వాడినా తప్పు లేదు.